తలకట్టు లేని అక్షరాలు

అల్లిపురం సందులో మా కొట్టు.
అక్షరానికి పద్దెనిమిది రూపాయలు,
ఒత్తులకి వేరే లెక్క లేదు, పొల్లుకి బేరం లేదు.
"గౌరవనీయులు" అని మొదలెట్టారంటే
ఆ పూటకి మా ఇంట్లో ఎసరు మరిగినట్టే.

సువార్త మేడం చెక్కించుకోడానికి రాదు.
గొడుగు మూలకి ఆనించి
ముక్కాలిపీట మీద కూర్చుని
సంచీలోంచి ఫొటోలు తీస్తుంది.
రోము రాళ్ళు, గ్రీకు రాళ్ళు.
"చదవకు పైడిరాజూ, ఉలితో చూడు."

చూశాను.
తలకట్టు లేదు. గుడి లేదు, సుడి లేదు.
నిలువుగీతలు, అడ్డగీతలు,
పోలీసు గ్రౌండులో పెరేడుకి నిలబెట్టినట్టు.
మన అక్షరం తాటాకు చిరక్కుండా
వొంగడం నేర్చుకుందట,
వాళ్ళది రాతి మీదే కళ్ళు తెరిచిందట.
దాని ముందు వొంగిందెవరో
అప్పుడు అడగడం తోచలేదు నాకు.

ఇంకా పాతవి గ్రీకువాళ్ళవి.
ఒక వరస ఇటునుంచి అటు,
కిందిది అటునుంచి ఇటు,
చాలు చివర ఎద్దు మళ్ళినట్టు.
గోడ పొడుగునా ఊరి చట్టం:
ఆస్తి ఎవరికి, అప్పు కింద పోయినవాడెవరివాడు.
"గోడ మీదుంటే అందరికీ తెలుస్తుంది కదండీ,
మంచిదే" అన్నాను.
"చదవగలిగినవాళ్ళు ఎందరో?" అంది.

మా నాన్న గుర్తొచ్చాడు.
నలభై ఏళ్ళు శిలాఫలకాలు చెక్కి
వేలిముద్ర వేసే కూలి పుచ్చుకున్నాడు.
"ముఖ్యమంత్రి"ని
చేప బొమ్మ గీసినట్టు గీసేవాడు,
ముందు తోక, తర్వాత పొట్ట.

ఒక ఫొటో మాత్రం రాయి కాదు.
ఇనప కడియం, దానికి వేలాడే కంచు బిళ్ళ.
కాలిదనుకున్నాను. మెడది.
"పారిపోయాను, పట్టుకోండి.
మా అయ్యకి అప్పగిస్తే బంగారు నాణెం."
అయ్య పేరుంది.
మెడ పేరు లేదు.
మాట మాత్రం "నేను" అన్నట్టే ఉంది.
ఆ సాయంత్రం రెండు సార్లు ఉలి జారింది,
ఎవరిదో గృహప్రవేశం రాయి పాడైంది.

ఎన్నికల ఫలితాలొచ్చిన పదో రోజు
రాత్రి పదకొండుకి జీపొచ్చింది.
కమ్యూనిటీ హాలు ఫలకంలో మూడో వరస
తెల్లారేసరికి ఉండకూడదు.
నా చేత్తో చెక్కిన పేరే,
బంగారు రంగు కూడా నేనే నింపాను.
చెక్కినప్పుడు అక్షరాల లెక్క,
చెరిపినందుకు మొత్తమ్మీద అయిదొందలు.
గ్రైండరు అరుస్తుంటే
కుక్కలన్నీ నన్ను చూసి మొరిగాయి.

పొద్దున్న సైకిలాపి చూశాను.
నల్లరాయి నిగనిగలాడుతోంది,
మధ్యలో ఒక్క వరస బూడిదరంగు.
పాలబ్బాయి ఆగి దాన్నే చూశాడు,
స్కూలు ఆటో ఆగి దాన్నే చూసింది.
నిన్నటిదాకా అటు తల తిప్పినవాడు లేడు.
మేడంకి చెప్తే నవ్వలేదు.
తమ్ముణ్ణి చంపి, ప్రతి రాతి మీదా
తమ్ముడి పేరు గీకించినవాడి ఫొటో తీసి
నా ఒళ్ళో పెట్టింది.
అదే గుంట. అదే వెడల్పు.
గీకినవాడి చెయ్యి కూడా వొణికినట్టుంది.

ఇక బీచిరోడ్డు గోడ సంగతి.
స్టీలు అక్షరాలు నేనే బిగించాను,
ఒక్కోటి మూరెడు.
సముద్రపు గాలి సగం తింది,
మిగతాది పాతసామాన్లవాడి బండెక్కింది.
రోములోనూ అంతేనట, కంచు కరిగించుకుపోతే
పండితులు చిల్లులు లెక్కపెట్టి
చక్రవర్తిని చదువుతారట.

మా చిల్లుల్లో జాలారిపేట పోలమ్మ
కొక్కేలు దిగ్గొట్టింది.
ఒకదానికి తరాజు, ఒకదానికి గోనె,
చివరిదానికి గుత్తి కట్టిన కానాగంతలు.
"ఇక్కడేటో రాసుండీది కదా,
ఏటది బాబూ?" అంది.

ఆ చిల్లులు నా డ్రిల్లువి.
కళ్ళు మూసుకుని చదవగలను, దీర్ఘాలతో సహా.

"గుత్తెంత?" అన్నాను.